పర్ణశాలకు ఆవలియొడ్డున రాక్షస గుళ్ళు

భద్రాద్రి రామునకు మ్రొక్కులు చెల్లించుకొన్న తెలుగు స్త్రీలలో పర్ణశాలను చూడక యిల్లు చేరువారు తక్కువ. భద్రాచలమునుండి గోదావరి యెడమ గట్టున ఎగువకు సుమారు 35 కిలోమీటర్లు పోయి, దుమ్ముగూడెము దాటినచో ఆ గ్రామము వచ్చును. సీతారామలక్ష్మణులు వనవాసకాలమున ఇచ్చట ఆకుటిల్లు కట్టుకొని యుండిరనియు, బంగారులేడి ఇచ్చటనే కనబడెననియు, రావణుడు సన్యాసివేషమున వచ్చినది ఈ వాకిటికేననియు ఆ ప్రాంతమువారి నమ్మకము. నాసికయందలి పంచవటివారును ఇదే మాట తమ యూరిని గూర్చి చెప్పుదురు. ఆ వివాదముతో మనకు పనిలేదు. సీతమ్మ కష్టము ఏ యూరిదైనను మన కంటనీరు ఒక్కటే గదా.

పర్ణశాలలో ఆడువారు ఎక్కువసేపు నిలుచు చోటు గుడికాదు, సీతవాగు. సీతమ్మ స్నానమాడి నారచీరలు ఆరవేసినదని చెప్పు బండలమీద చారలు కలవు. ఆ వాగులోనే పసుపురాళ్ళు, కుంకుమరాళ్ళు చూపుదురు. రాతిలో ఇనుము కలిసినచో అట్టి రంగులు వచ్చుట కలదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. చెప్పిననేమి? ప్రతి స్త్రీయు వంగి, వ్రేలితో ఆ చారలను తాకుచు, ఇది అంచు, ఇది చెంగు అని తన ప్రక్కదానికి చూపకుండ లేవదు. మేము పోయిననాడును అట్లే జరిగెను.

అటుపిమ్మట త్రోవ చూపువారు నదికి ఆవలనున్న గుట్టవైపు చేయి చాచి, రావణుని రథము పోయిన గాడులు అచ్చట కలవని చెప్పుదురు. యాత్రికులు నొసట చేయి యడ్డము పెట్టుకొని అటు చూచి, నిట్టూర్చి, బస్సెక్కుదురు. ఆ గుట్టల వెనుక నేమున్నదని అడుగువారు అరుదు. రావణుడు పోయిన దిక్కు కావున అది రాక్షసుల దేశమని మనస్సులో ఒక గీత గీచికొందుము కాబోలు.

ఆ గీతకు ఆవల నిజముగనే రాక్షసుల పేరు పెట్టుకొన్న కట్టడములు కలవు. గోదావరి కుడిగట్టున మణుగూరు, పినపాక, మంగపేట, తాడ్వాయి ప్రాంతముల కొండలమీద పెద్దపెద్ద రాతి పలకలతో కట్టిన గదులు వందలకొలది యున్నవి. జనులు వానిని రాక్షస గుళ్ళందురు. ఇంత బరువైన బండలను మానవమాత్రులు ఎత్తలేరు గనుక రాక్షసులే యెత్తియుందురని వారి యూహ. అవి గుళ్ళు కావు. క్రీస్తునకు పూర్వము మొదటి సహస్రాబ్దములో, అనగా ఇనుము క్రొత్తగా వాడుకలోనికి వచ్చిన కాలమున, ఈ యడవులలో బ్రదికిన జనులు తమవారి యస్థికలను భద్రపరచుటకు కట్టిన సమాధులు.

వీనిని చదువుకొన్న లోకము ఎరుగుటకూడ ఒక చిత్రమైన కథ. 1868లో మల్హెరాన్ అను సర్వే ఉద్యోగి కాటాపురము, మల్లూరు ప్రాంతముల సమాధులను గూర్చి వ్రాసెను. వాని నడుమ శిలువ యాకారముగల నిలువురాళ్ళుండుట అతనికి ఆశ్చర్యము కలిగించెను. భూగర్భశాస్త్రవేత్తయైన విలియం కింగు 1877లో మంగపేట చెంతనున్న అట్టివానినే వర్ణించెను. ఈలోగా 1872లో ప్రాచీనశిలానిర్మాణములను గూర్చి పెద్దగ్రంథము ప్రకటించిన ఫెర్గుసన్ దొర, ఆ శిలువలు క్రైస్తవులవే యని తలపోసెను. తరువాతి పండితులు వానిని తలయు, చాచిన చేతులును గల మనుష్యరూపములుగా గ్రహించిరి. ఒకరికి శిలువ కనబడినది, మరియొకరికి రాక్షసులు కనబడిరి. రాతిలో నిలిచినది మాత్రము మనిషి. నిజాము ప్రభుత్వము 1914లో పురావస్తుశాఖను స్థాపించినపిమ్మట ఆ శాఖవారు పినపాక దగ్గరి జానంపేటలో త్రవ్వకములును జరిపిరి.

పర్ణశాలనుండి ఈ కొండలకు పోవుటకు మరల భద్రాచలము రావచ్చును. 1965లో వారధి తెరువబడుటతో అచ్చట గోదావరి దాటుటకు పడవ కొరకు కాచుకొను బాధ తీరినది. అటనుండి మణుగూరుమీదుగా ఏటూరునాగారము రోడ్డు పట్టవలెను. నూరు కిలోమీటర్లకు మించిన ప్రయాణము. జానంపేట త్రోవలోనిదే. కాని గుట్ట యెక్కి చూడవలసినది తాడ్వాయి మండలములోని దామరవాయి. అచ్చట సుమారు రెండువందల సమాధులున్నవని లెక్క.

మేము నలుగురము ఆడువారము, మా మరిదిగారు తోడు. మాలో పెద్దవారు మా పిన్నిగారు. అరువదియేండ్లు దాటినవి. పర్ణశాలవరకు వచ్చుటకు ఆమెకు అభ్యంతరము లేకుండెను. సమాధులని విన్నంతనే ముఖము ముడుచుకొనిరి. తీర్థయాత్రలో శ్మశానమేమని అడిగిరి. మైల కాదా, స్నానమెచ్చట చేయవలెనని అడిగిరి. మూడువేల యేండ్లనాటి మైల మనలనంటునా అని మా వదినగారు నవ్వినను పిన్నిగారు నవ్వలేదు. తాము గుట్ట యడుగున కూర్చుండెదమనియు, మమ్ము పోయి రమ్మనియు చెప్పిరి.

ఊరిలో ఒక కోయస్త్రీ త్రోవ చూపుటకు ఒప్పుకొనెను. నలువదియేండ్లుండును. చేత చిన్నకత్తి, నెత్తిన ఖాళీగంప. తిరిగివచ్చునపుడు పుల్లలైనను ఏరుకొనిరావచ్చునని గంప తెచ్చినదట. ఆమె పిన్నిగారిని ఎగాదిగా చూచి, "అడుగున ఒక్కదానివి ఏం జేస్తవమ్మా, మెల్లగ నా ఎనకాల రా" అనెను. పిన్నిగారు ఏమనుకొనిరో యేమో, కుచ్చెళ్ళు పైకి దోపుకొని ఆమె వెనుక నడిచిరి.

దూరము చెప్పుకొనదగినది కాదు. ఏటవాలుతనమే కష్టము. మొదట టేకు, వెదురు పొదల నడుమ మెత్తని నేల. మొదలులో ఎండుటాకులు చీలమండ లోతున పరచుకొనియుండెను. ఆకుల క్రింద ఏమున్నదో తెలియదు గనుక ముందు నడుచువారు కఱ్ఱతో నేల తట్టుచు పోవలెను. అటుపిమ్మట ఎఱ్ఱని గరుసు వచ్చును. చిన్న గులకలు కాలి క్రింద దొర్లుచుండును. దానిపై నిలువుగా ఎక్కబోయినచో రెండడుగులకు ఒక అడుగు వెనుకకు జారుదుము. మా కోయస్త్రీ ఎన్నడును నిలువుగా ఎక్కలేదు. కుడికి పది యడుగులు, ఎడమకు పది యడుగులు, మగ్గములో నాడె పోయినట్లు అడ్డముగా పోవుచు, చూచునంతలో పైకి చేరుచుండెను. పాదము మొత్తము నేలకు ఆనించుచుండెను గాని వ్రేళ్ళమీద నడువలేదు. మాటలాడలేదు. మేము ఆయాసముతో మాటలాడుచునే యుంటిమి. పిన్నిగారు మాత్రము ఆమె యడుగులో అడుగు వేసి, ఊపిరి దక్కించుకొని, మా అందరికంటె సుఖముగా ఎక్కిరి. ఇంటిలో మెట్లెక్కుటకే మోకాళ్ళు పట్టుకొను మనిషి!

అట్టి కొండలెక్కదలచిన సోదరీమణులకు నేను కన్నదానిలో ముఖ్యమైనది ఇదియే. వేగము పనికిరాదు. తొలి అరగంటలో త్వరపడినవారు తరువాతి అరగంట కూర్చుండవలెను. జారని యడుగుగల బూట్లు తొడుగుకొనవలెను. చెప్పులు గరుసులో పనికిరావు. తలకొక్కింటికి రెండు లీటర్ల నీరు తప్పనిసరి, గుట్టపై నీరు దొరకునని నమ్మరాదు. కార్తీకమునుండి మాఘమువరకు అనుకూలకాలము. వేసవి యెండ ఈ ప్రాంతమున ప్రాణాంతకము. వానకాలమున గోదావరి మాట చెప్పనక్కరలేదు, 1986 ఆగష్టులో భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును ఎక్కినది. ఏటూరునాగారము అభయారణ్యము ఈ ప్రాంతములోనిదే గనుక అటవీశాఖవారి నడిగి, ఊరివారిని తోడు తీసికొనియే పోవలెను. ఎలుగుబంట్లున్న అడవి. వేకువను, ప్రొద్దుగ్రుంకువేళను గుట్టపై నుండరాదు.

పైకి చేరగనే మొదట కనబడినది నేలమీద బోర్లించిన పీటవంటి బండ. దాని ప్రక్కకు పోయి చూచినగాని అది పైకప్పని తెలియలేదు. నాలుగువైపుల నాలుగు పలకలను అంచుమీద నిలిపి, గదిగా కూర్చి, పైన ఒక్కటే బండను కప్పినారు. ఆ కప్పుబండ గోడలను మించి నలుదెసల చూరువలె ముందుకు వచ్చియున్నది. మనిషి నిలువుకంటె పొడవు. చుట్టును చిన్నరాళ్ళు వలయముగా పాతియున్నవి. ఒకవైపు పలక తొలగియుండుటచే లోపలికి చూడవచ్చును. లోపల తొట్టి. ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి, మన పశువులశాలలోని కుడితితొట్టివంటిది. అందులోనే అస్థికలుంచిరట. ఒకటి చూచితిమి, తల యెత్తగా పది కనబడెను, చెట్లనడుమ నడచిన కొలదిని ఇంకను వచ్చుచునే యుండెను. కొన్ని చక్కగా నిలిచియున్నవి. కొన్నిటి కప్పులు జారి, ఒక మూల నేలకు ఆనియున్నవి. వీథులు తీర్చిన ఊరివలె నాకు తోచినది, వాకిళ్ళున్నవి గాని మనుష్యులు లేరు.

ఇచ్చటి రాయి ఇసుకరాయి. పొరలుపొరలుగా లేచు గుణము గలది. అందుచేతనే ఇంత వెడల్పైన పలకలు ఈ కొండలలో సాధ్యమైనవి. లేచునే గాని నడచి రాదు గదా! ఆ పలకను పీకి, జరిపి, నిలువుపలకలపైకి ఎక్కించి, సరిగా కూర్చుండబెట్టుటకు ఎందరు కావలెను? మా మరిదిగారు పొడవు, వెడల్పు, మందము కొలిచి, బరువు లెక్క కట్టుచు కూర్చుండిరి. వారు ఇంకను గుణించుచుండగనే పిన్నిగారు మరియొక లెక్క తీసిరి.

"ఆ బండ ఎత్తిన వాళ్ళకి అన్నం ఎవరు వండారే? ఒక్కపూటలో అయ్యే పనా ఇది?"

నేను ఈ సమాధులను గూర్చి చదివిన వ్రాతలలో బండల కొలతలున్నవి, కాలనిర్ణయములున్నవి, ఆ ప్రశ్న మాత్రము ఎచ్చటను కనబడలేదు. అడిగినపిమ్మట అది తప్ప మరియొకటి తోచలేదు. ఏబదిమందియో నూరుమందియో కొండపై దినముల తరబడి పనిచేసినయెడల, అడుగునుండి నీరు మోసినవారెవరు? ఈ గరుసు దారిన కుండలు జారకుండ పైకి తెచ్చినవారెవరు? చంకలో పిల్లను, నెత్తిన కుండను పెట్టుకొని అడ్డముగా పది యడుగులు ఇటు, పది యడుగులు అటు వేసినవారెవరు? తెలంగాణములో త్రవ్విన అట్టి సమాధులలో దొరకినవి నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు. కుండ అనగా వంట. పోయినవారికి కూడ ఆకలియగునని తలచి కుండ పెట్టిన చేతులను రాక్షసి చేతులని ఎట్లనగలము?

కోయస్త్రీ ఆ సమాధుల దగ్గరకు మాతో వచ్చెనే గాని, ఒక్కబండనైనను తాకలేదు. కూర్చుండుటకు సైతము దూరముగనున్న చెట్టుమొదలు చూచుకొనెను. ఎందుకని అడిగితిని. "మా తాతల కాలం నుంచి ఇవి ఇట్లనే ఉన్నయమ్మా. ఎవరియో పెద్దలయి. మేం ముట్టం" అనెను. కోయలలో చనిపోయిన పెద్దలకు నిలువురాయి నాటు ఆచారము కలదు. దుమ్ముగూడెములో నివసించిన జాన్ కెయిన్ అను క్రైస్తవ బోధకుడు 19వ శతాబ్దిలోనే వారి యాచారములను గూర్చి విపులముగా వ్రాసియున్నాడు. ఈ గదులు కట్టినవారు కోయల పూర్వులే యని తీర్పు చెప్పుట నా పనికాదు. కాని పోయినవారికి రాయి నిలుపవలెనను బుద్ధి ఈ యడవిని విడిచిపోలేదని మాత్రము చెప్పగలను.

ముట్టనివారు కోయలు. ముట్టినవారెవరో కప్పులు చూచినచో తెలియును. జారిపడిన బండలన్నియు తమంతట జారినవి కావు. గుప్తనిధులున్నవను ఆశతో రాత్రులు వచ్చి గునపములు పెట్టి పెకలించినవి కొన్ని, తొట్లు పగులగొట్టినవి కొన్ని. అట్టి సమాధులలో సామాన్యముగ దొరకునవి మట్టికుండలు, త్రుప్పుపట్టిన ఇనుమే గాని నిధులు కావు. మూడువేల యేండ్లు వానలకు, వ్రేళ్ళకు, కార్చిచ్చులకు చలించని యిల్లు ఒక్కరాత్రి దురాశకు కూలినది. ఒకసారి జారిన కప్పును మరల యథాస్థానమున ఎత్తిపెట్టువారు లేరు. కొరియాదేశమున గోచాంగ్, హ్వసున్, గంగ్వా అనుచోట్లనున్న ఇట్టి సమాధులకు 2000లో యునెస్కోవారి ప్రపంచవారసత్వపు గౌరవము దక్కినది. దామరవాయికి దూరము కాని పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రామప్ప దేవాలయమునకు 2021లో అదే గౌరవము లభించినది. శిల్పము గలది కావున దానికి చూడవచ్చువారు, కాచువారు కలరు. చెక్కని రాయికి ఎవరును లేరు. చూడబోవు సోదరీమణులు కప్పుబండలపైకి పిల్లల నెక్కింపకుందురుగాక. పలకలపై పేర్లు గీయనీయకుందురుగాక. ఒక పెంకునైనను గుర్తుకై ఇంటికి తేకుందురుగాక. ఎవరైనను త్రవ్వుచున్నట్లు కనబడినచో ఊరివారితో చెప్పుడు.

దిగుట ఎక్కుటకంటె కష్టమైనది. గరుసుమీద ముందుకు వంగినచో పడుట నిశ్చయము, కావున మోకాళ్ళు కొంచెము వంచి, ప్రక్కవాటుగా దిగవలెను. మా వదినగారు రెండుసార్లు కూర్చుండుచు దిగిరి. కోయస్త్రీ గంపనిండ పుల్లలేరుకొని, గంప నెత్తిన పెట్టుకొని, చేతులు ఊపుకొనుచు దిగెను. అడుగున బోరింగు వద్ద పిన్నిగారు కాళ్ళు కడుగుకొనిరి. స్నానము మాట ఎత్తలేదు. మేమును గుర్తుచేయలేదు.

ఆ ప్రాంతమువరకు పోయినవారు మేడారము చూడక రారాదు. అదియు తాడ్వాయి మండలములోనిదే. కరవుకాలమున కప్పము కట్టలేదని కాకతీయుల సేన వచ్చి పడగా, పగిడిద్దరాజు భార్యయైన సమ్మక్కయు, కూతురు సారలమ్మయు ఆయుధము పట్టిరని కోయల కథ. కొడుకు జంపన్న వాగులో పడి చనిపోవుటచే సంపెంగవాగు జంపన్నవాగైనది. దెబ్బతిన్న సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడచిపోయి కనబడకపోయెననియు, వెదుకబోయినవారికి కుంకుమభరిణె మాత్రము దొరకెననియు చెప్పుదురు. రెండేండ్లకొకసారి మాఘశుద్ధ పూర్ణిమనాటి జాతరలో కోయ పూజారులు చిలుకలగుట్ట యెక్కి, ఆమెను కుంకుమభరిణె రూపమున గద్దెకు తెత్తురు. లక్షలకొలది జనము ఎదురుచూచుచుందురు. విగ్రహములేదు.

చిలుకలగుట్టను పూజారులు తప్ప ఇతరులు ఎక్కరాదు. మా మరిదిగారికి అదికూడ ఎక్కి చూడవలెనని యుండెను. వలదని పిన్నిగారు గట్టిగా చెప్పిరి. మేము దూరమునుండియే దానికి నమస్కరించి, త్రోవప్రక్కన చెట్టునీడను కూర్చుండి, తెచ్చుకొన్న పులిహోర పంచుకొని తిని, ప్రొద్దువాలకముందే తాడ్వాయి చేరి బస్సెక్కితిమి.